కిడ్నీ సందులో బాక్సింగు

కార్తీకమాసంలో ఒక సోమవారం ఉదయం, తెనాలిలో కాలువల శాఖ సూపరింటెండెంటు పూర్ణచంద్రరావు, కాఫీ చల్లారిపోతున్నా పట్టించుకోకుండా, తెల్లకాగితం మధ్యలో స్కేలు పెట్టి నిలువుగా ఒక గీత గీశాడు. ఎడమవైపు "బాక్సింగు శిక్షణ, బాపట్ల" అనీ, కుడివైపు "పర్సనల్ ట్రైనర్, తెనాలి" అనీ రాసి రెండింటి కిందా ఎర్రసిరాతో అడ్డగీతలు కొట్టాడు. ఇరవై ఏడేళ్ల సర్వీసులో ఆయన ఏ విషయాన్నీ ఇలా రెండు వైపులా రాయకుండా తేల్చింది లేదు. రాశాక తేలినవి కూడా తక్కువే. ఆ ఉదయం తేలవలసినది ఆయన నూట నాలుగు కిలోల శరీరం. గడువు ఫాల్గుణంలో మేనకోడలు చందన పెళ్లి.

పెళ్లికూతుర్ని వెదురు గంపలో కూర్చోబెట్టి, మేనమామ మోసుకొచ్చి పీటల దగ్గర దించడం ఆ కుటుంబంలో తరాలుగా వస్తున్న ఆచారం. చందనకు సొంత మేనమామ పూర్ణచంద్రరావు ఒక్కడే. అయితే ఆయన అక్క రాధారాణి మూడేళ్లుగా ఆయనతో మాట్లాడటం లేదు. తల్లి చివరి రోజులు రేపల్లెలో రాధారాణి ఇంట్లో గడిచాయి. చివరి మధ్యాహ్నం తల్లి కొడుకు కోసం అడిగినప్పుడు ఆయన వంటింట్లో భోజనం చేస్తున్నాడు. పిలుపు విన్నాడు, తినడం ముగించి వెళ్దామనుకున్నాడు. చెయ్యి కడుక్కుని వచ్చేసరికి తల్లి లేదు. పన్నెండో రోజున బంధువులందరి మధ్య రాధారాణి ఒకే ఒక మాట అంది: "అమ్మ పోతుంటే వీడు పెరుగన్నం వదల్లేకపోయాడు." ఆ పూట తిన్నది పెరుగు కాదని, మజ్జిగ అని దిద్దడానికి ఆయన నోరు తెరిచి, ఇది సందర్భం కాదేమోనని మూసుకున్నాడు. నాటి నుంచి అక్కాతమ్ముళ్ల మధ్య రాకపోకలు లేవు.

అందుకే పెళ్లి కబురు బావ నరసింహారావు ఫోనులో వచ్చింది.

"పూర్ణా, ఏమనుకోకు. గంపకి వేమూరు నుంచి బసవేశ్వరరావుని పిలుద్దామంటోంది మీ అక్క" అన్నాడాయన.

బసవేశ్వరరావు వాళ్ల పెదనాన్న కొడుకు. ధాన్యం బస్తాలు మోసి మోసి తలుపంత వెడల్పైన భుజాలు గలవాడు.

"నేనుండగా వాడెందుకు బావా? నేనెత్తుతాను."

"నేనూ అదే అన్నాను. 'వాడు నా కూతుర్ని ఎత్తడమేంటి, ముందు వాణ్ణెవరు ఎత్తుతారు' అంది. ఎదురుగా వియ్యాలవారున్నారు. అందరూ నవ్వారు."

"నువ్వు కూడానా?"

"పెళ్లినాటికి చూద్దాంలే" అని బావ ఫోను పెట్టేశాడు.

అక్క మళ్లీ తన ఇంటి మనిషిగా తనను పిలవాలంటే ఆ గంప ఒక్కటే దారి అని పూర్ణచంద్రరావు ఆ క్షణాన నిశ్చయించుకున్నాడు. పెళ్లి రోజున సన్నగా, నిటారుగా మండపంలోకి నడిచి వెళ్లాలి. అప్పటిదాకా విషయం ఎవరికీ తెలియకూడదు. ప్రయత్నించి విఫలమయ్యాడన్న మాట కూడా అక్క చేతికి అందనివ్వకూడదు.

కుడివైపు గడిని కొట్టివేయించింది ఆ రహస్యమే. పర్సనల్ ట్రైనర్ ప్రణీత్‌ను ఆయన ముందు రోజే కలిశాడు. "కంగారు పడకండి సార్. నాలుగు నెలల్లో మిమ్మల్ని మీరే గుర్తుపట్టరు. రోజూ ఫోటో తీసి నా స్టేటస్‌లో పెడతాను. మొదటి రోజు పొట్ట, చివరి రోజు పొట్ట, పక్కపక్కన" అన్నాడు ప్రణీత్.

"పొట్ట ఒక్కటేనా, మొహం కూడానా?"

"మొహం లేకపోతే ఎవరి పొట్టో ఎలా తెలుస్తుందండీ?"

తెనాలిలో ఆ స్టేటస్ చూడని బంధువు ఉండడు. బాపట్లలో వీరాస్వామి దగ్గర ఆ బెడద లేదు. సముద్రం మీద వేటకు వెళ్లే కుటుంబంలో పుట్టి, సైన్యంలో సుబేదారుగా రిటైరై, పోలీసు సెలక్షన్లకు వెళ్లేవాళ్లకు ఒక రేకుల షెడ్డులో బాక్సింగు నేర్పుతున్నాడాయన. షెడ్డులోకి ఫోను రానివ్వడు. వారానికి మూడు రోజులే శిక్షణ: సోమ, బుధ, శుక్రవారాలు. తెల్లవారుజామున రైలెక్కితే తొమ్మిదింటికల్లా ఇంటికి వచ్చేయవచ్చు.

మొదటి రోజు వీరాస్వామి ఆయన్ను పైనుంచి కిందికి తీరిగ్గా చూశాడు.

"ఎవర్ని కొట్టాలండీ మీరు?"

"ఎవర్నీ కాదండీ. తగ్గాలి."

"కోపమా, ఒళ్లా?"

"ఒళ్లేనండి."

"అయితే తేలికే. చేతులు చాపండి." వేళ్ల మధ్యనుంచి మణికట్టు దాకా తెల్లటి గుడ్డపట్టీలు బిగించి చుడుతూ అన్నాడు, "ముందు కాళ్లు నేర్చుకోండి సార్. బుర్ర ఆలోచించేలోపు కాలు కదిలిపోవాలి."

భార్య చంద్రకళకు మాత్రం ఆయన వాకింగ్ అని చెప్పాడు. చంద్రకళ చెల్లెలిది వేమూరు. ఈ ఇంట్లో ఉదయం అన్న మాట మధ్యాహ్నానికి వేమూరు, సాయంత్రానికి రేపల్లె చేరడం ఆయన ఎరుగనిది కాదు.

"అయిదింటికి వెళ్లి తొమ్మిదింటికి రావడమేంటండీ? నాలుగు గంటల నడకా?" అంది చంద్రకళ.

"నిదానంగా నడుస్తాను."

"వారానికి మూడు రోజులేనా?"

"మిగతా రోజులు అలసట తీరాలిగా."

రెండు నెలలు సజావుగా గడిచాయి. ఆయన పదకొండు కిలోలు తగ్గాడు. ప్యాంట్లు జారసాగాయి, మెడ దగ్గర చొక్కా బావురుమనసాగింది. బతుకులో మొట్టమొదటిసారి ఒక పనిని అనుకున్నట్టే చేస్తున్నానన్న గర్వంలో ఆయన ఒక చిన్న సంగతి గమనించలేదు. వీరాస్వామి షెడ్డు ఒక కిడ్నీ ఆసుపత్రి వెనక ఉంది. ఆ సందును బాపట్లలో అందరూ కిడ్నీ సందు అనే అంటారు.

ఆయన ఆఫీసులో సీనియర్ అసిస్టెంటు సీతారామాంజనేయులు ఒక బుధవారం మామగారి పరీక్షల కోసం ఆ ఆసుపత్రికి వచ్చాడు. సందు చివర తన సూపరింటెండెంటు గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. ఒళ్లంతా చెమట, పాలిపోయిన మొహం, రెండు చేతులకూ మణికట్టు దాకా తెల్లటి కట్లు. సీతారామాంజనేయులు పలకరించలేదు, స్తంభం చాటుకు తప్పుకున్నాడు. ఆ ప్రాంతంలో ఒక మర్యాద ఉంది. రోగిని రోగం పేరు అడగరు. అతని చుట్టుపక్కలవాళ్లను అడుగుతారు. వాళ్లకూ తెలియకపోతే, అది చెప్పుకోలేనంత పెద్ద రోగమని అర్థం చేసుకుంటారు. ఆ సాయంత్రం సార్ ఇరుగుపొరుగు చెప్పింది సోమ, బుధ, శుక్రవారాలు, పూటకు నాలుగు గంటలు. తాను చూసింది చేతులకు కట్లు, మనిషి చిక్కిపోవడం. డయాలిసిస్ అన్న మాటను సీతారామాంజనేయులు సృష్టించలేదు. అది తనంతట తానే కూడికలా తేలింది.

మరునాడు ఆఫీసులో పూర్ణచంద్రరావు కుర్చీ ఫ్యాను కిందికి జరిగి ఉంది. బల్ల మీద ఒక్క ఫైలు లేదు.

"ఫైళ్లేవయ్యా?"

"మేం చూసుకుంటాం సార్. మీరు కూర్చోండి చాలు" అన్నాడు సీతారామాంజనేయులు, కళ్లు తుడుచుకుంటూ.

"నాకేమైందని?"

"ఏం కాలేదు సార్. మీకేం కాదు."

ఆదివారం నుంచి ఇంటికి పరామర్శలు మొదలయ్యాయి. బత్తాయిలు, బ్రెడ్డు ప్యాకెట్లు, కొబ్బరిబొండాలు వరండాలో వరుస తీరాయి. వచ్చినవాళ్లు వాతావరణం గురించి, ధాన్యం తేమ గురించి మాట్లాడి, లేచేటప్పుడు చంద్రకళను పక్కకు పిలిచి, "ధైర్యంగా ఉండమ్మా" అనేవారు. "ఎందుకండీ? ఈయనకేం లేదుగా" అని ఆమె అంటే, పాపం ఈవిడకు ఇంకా చెప్పలేదన్న మాట అనుకుని మరింత జాలిగా చూసేవారు. ఒకాయన బొండాలు తెచ్చి, మళ్లీ ఏదో గుర్తొచ్చి, "అన్నట్టు ఇవి మీరు తాగకూడదేమోనండీ" అని తిరిగి పట్టుకుపోయాడు కూడా.

ఆ రాత్రే చంద్రకళ భర్త సంచి వెతికింది. పొడవాటి తెల్లగుడ్డ పట్టీలు రెండు దొరికాయి. వాటి మీద, పిడికిలి ఎముకలు ఒరుసుకుపోయిన చోట, ఎండిన నెత్తుటి మరకలు. తెల్లారి ఆమె భర్తకు కాఫీ ఇచ్చింది గాని కళ్లెత్తి చూడలేదు. కిడ్నీలకు పడదని వేమూరు చెల్లెలు ఫోనులో చెప్పగా, పప్పులో ఉప్పు వేయలేదు.

ఇక దీనికి ఏదో ఒక అడ్డుకట్ట వేయకపోతే కుదరదని పూర్ణచంద్రరావుకు తోచింది. బాక్సింగు సంగతి బయటపెట్టకుండా, తాను చేస్తున్నది వట్టి వ్యాయామమేనని ఊరందరికీ కనిపించేలా చేయాలి. కాగితం మీద కొట్టివేసిన ప్రణీత్‌ను పిలిపించాడు. మంగళ, గురు, శనివారాలు ఇంటి వరండాలోనే, నలుగురూ చూస్తుండగా, శిక్షణ. ఫోటోలు మాత్రం వద్దన్నాడు.

ప్రణీత్ నీలంరంగు చాప పరిచి, ఆయన్ను వెల్లకిలా పడుకోబెట్టి, కాలు పట్టుకుని పైకి లేపుతూ, "ఇంకొక్కటి సార్! మీవల్ల అవుతుంది! నొప్పి ఓర్చుకోండి!" అని వీధి చివరిదాకా వినపడేట్టు ప్రోత్సహించేవాడు. ఉప్పు మానేయమన్నాడు. నీళ్లు సీసాతో కొలిచి తాగమన్నాడు. ఎదురింటి డాబా మీద వడియాలు పెడుతున్న ఆడవాళ్లు ఇదంతా చూసి, "ఫిజియోథెరపీ వాణ్ణి పెట్టారమ్మా. కాళ్లు కూడా పడిపోయినట్టున్నాయి" అనుకున్నారు.

గురువులిద్దరికీ ఒకరి సంగతి ఒకరికి తెలియదు. ప్రణీత్ భుజాలు వదులు చేయమనేవాడు, వీరాస్వామి బిగించమనేవాడు. ప్రణీత్ గుడ్డులో తెల్లసొన తినమంటే, వీరాస్వామి పచ్చసొన పారేసినవాణ్ణి షెడ్డులోంచి పంపేసేవాడు. ఈ గందరగోళంలో ఒక శుక్రవారం పూర్ణచంద్రరావు మరిచిపోయి భుజాలు వదిలాడు. ఎదుట నిలబడ్డది కానిస్టేబుల్ సెలక్షనుకు సిద్ధమవుతున్న సంధ్యారాణి. ఆమె ఎడమచేయి నేరుగా వచ్చి ఆయన కంటి కింద దిగింది.

"అయ్యో బాబాయ్! చెయ్యి కిందికి దించావేంటి? నేను కొడతానని చెప్పానుగా!"

"నీ తప్పేం లేదమ్మా. ఇవాళ శనివారమనుకున్నాను" అన్నాడాయన.

వాచిపోయిన ఆ మొహాన్ని శనివారం ఉదయం ప్రణీత్ చూశాడు. వద్దన్న ఫోటో తీయకుండా ఉండలేకపోయాడు. దాని కింద, "ఈ వయసులో ఈ సార్ చేస్తున్న పోరాటం చూస్తే కళ్లు చెమర్చాయి. ఓటమి ఒప్పుకోని మనిషి" అని రాసి చేతులు జోడించిన బొమ్మలు మూడు పెట్టాడు. మధ్యాహ్నానికల్లా త్వరగా కోలుకోవాలంటూ నూట డెబ్భై మంది జవాబులిచ్చారు. కిడ్నీలు చెడితే మొహం వాస్తుందని అందులో కొందరికి ముందే తెలుసు. మిగిలినవారికి వారు చెప్పారు.

ఆదివారం ఉదయం రేపల్లె ప్యాసింజరులో రాధారాణి దిగింది.

మూడేళ్ల తర్వాత ఆ గడప దాటి, ఆమె ఎవరినీ పలకరించకుండా నేరుగా వచ్చి తమ్ముడి ఎదురుగా కూర్చుంది. ఆయన జారిపోతున్న చొక్కా, బుగ్గల్లో గుంటలు, కంటి కింద నల్లటి వాపు చాలాసేపు చూసింది. సంచిలోంచి ఒక ప్లాస్టిక్ కవరు తీసి బల్ల మీద పెట్టింది.

"నా రక్తం పరీక్ష. గుంటూరు వెళ్లి చేయించుకున్నా. నీ గ్రూపే. ఒకటి తీసుకో."

"ఏంటక్కా ఒకటి?"

"కిడ్నీరా."

తలుపు పక్కన చంద్రకళ కొంగు నోట్లో కుక్కుకుంది.

"అక్కా, నువ్వనుకుంటున్నట్టు కాదు. నాకు అసలు…"

"మాట్లాడకు. నన్ను చెప్పనీ" అంది రాధారాణి. "ఆ రోజు నేనన్న మాట వెనక్కి తీసుకోవడం నాకు చేతకాదు. ఎన్నిసార్లు ఫోను తీశానో, మాట రాలేదు. కిడ్నీ అయితే ఇవ్వగలను. నీకీ జబ్బు రాకపోతే నీ గడప తొక్కేదాన్ని కాదురా పూర్ణా. దేవుడు ఏ దారిన తెస్తాడో చూడు."

నిజం ఆయన నాలుక చివరే ఉంది. ఆ నిజం చెబితే ఎదురుగా ఉన్న మనిషి లేచి వెళ్లిపోతుందన్నది కూడా అంతే నిజం. అన్ని కాగితాల మీదా రెండు గళ్లు గీసుకునే మనిషి ఆ పూట గీత గీయలేదు.

"డాక్టరు ఇప్పుడే అవసరం లేదన్నాడక్కా. మందులతో సరిపోతుందట" అన్నాడు.

రాధారాణి మొహం చేతుల్లో దాచుకుని ఏడ్చింది. తర్వాత కళ్లు తుడుచుకుని, "పెళ్లికి పొద్దున్నే రా. ముందు వరసలో కూర్చో. గంప జోలికి మాత్రం రావద్దు. బసవేశ్వరరావు ఎత్తుతాడు. నువ్వు కళ్లెదుట ఉంటే చాలు నాకు" అంది.

ఆమె వెళ్లాక ఆయన భార్యకు అంతా చెప్పాడు. చంద్రకళ పూర్తిగా విని, మూడు వారాల ఏడుపు ఒక్కసారి కోపంగా మారగా, బల్ల మీది బత్తాయి తీసి ఆయన మీదికి విసిరింది. వీరాస్వామి శిక్షణ ఊరికే పోలేదు, ఆయన తల తప్పించాడు. అది ఆమెను ఇంకా మండించింది.

"గుళ్లన్నింటికీ మొక్కుకున్నానండీ నేను! ఉప్పు లేని కూడు తిన్నాను మీతోపాటు!"

"ఇప్పుడే రేపల్లె వెళ్లి చెప్పేస్తాను."

"చెప్పి? ఆవిడ మళ్లీ ఈ గుమ్మం ఎక్కుతుందనుకున్నారా? నోరు మూసుకుని పెళ్లయ్యేదాకా జబ్బుగానే ఉండండి. తర్వాత మెల్లగా నయమవుదురుగాని."

ఇంతకంటే మంచి సలహా ఆయనకు ఎవరూ ఇవ్వలేకపోయేవారు. పెళ్లినాటికి ఆయన ఎనభై అయిదు కిలోలకు దిగాడు. రేపల్లెలో పెళ్లిమండపం ముందు వరసలో, పెద్ద ఫ్యాను ఎదురుగా, ఆయనకొక మెత్తటి కుర్చీ వేశారు. మోకాళ్ల మీద శాలువా కప్పారు. పెద్దలు వచ్చి చేయి పట్టుకుని నొక్కి వెళ్లారు. లావుగా ఉన్న యాభై ఏళ్లలో ఆయనకు ఇంత గౌరవం ఎన్నడూ దక్కలేదు. మండపం మొత్తంలో తనంత ఆరోగ్యవంతుడు మరొకడు లేడని ఆయనకు తెలుసు. ఆ సంగతి చెప్పుకోవడానికి మాత్రం మనిషి దొరకలేదు.

ఉదయం పదిన్నరకు సన్నాయి ఊపందుకుంది. బసవేశ్వరరావు గంపను రెండు చేతులతో ఛాతీకి ఆనించి బయల్దేరాడు. గంపలో చందన కొబ్బరిబొండం పట్టుకుని తల వంచుకుని కూర్చుంది. మండపం మధ్యకు వచ్చేసరికి కొత్తగా పరిచిన ఎర్ర తివాచీ మడతలో అతని కాలు చిక్కుకుంది. గంప ఒక పక్కకు ఒరిగింది. చందన అరిచింది.

పూర్ణచంద్రరావు లేవాలని అనుకోలేదు. కాలు కదిలింది. శాలువా ఎక్కడో పడింది. రెండు అంగల్లో వెళ్లి, ఒరుగుతున్న గంప కిందికి భుజం పెట్టి నిలబెట్టి, మేనకోడలితో సహా దాన్ని గుండెల మీదికి ఎత్తుకున్నాడు.

"మామయ్యా, దించెయ్! నీకేమన్నా అయితే అమ్మ నన్ను చంపుద్ది!"

"కదలకుండా కూర్చోమ్మా" అన్నాడాయన.

ఇరవై అడుగులు. ఊపిరి కూడా తప్పలేదు. నాలుగు నెలలుగా కలలో నడిచిన ఆ ఇరవై అడుగులను ఆయన నిదానంగా నడిచి, పీటల దగ్గర గంపను శబ్దం కాకుండా దించాడు. నడుము నిటారుగా పెట్టి, అక్క కోసం చూశాడు.

సన్నాయి ఆగిపోయింది. ఎవరో "కళ్లు తిరుగుతున్నట్టున్నాయి, పట్టుకోండి!" అని కేక వేశారు. ఆరుగురు దూకి ఆయన్ను పడుకోబెట్టారు. "నేను బాగానే ఉన్నాను, వదలండయ్యా" అని ఆయన విదిలించుకుంటే, "కొట్టుకుంటున్నాడు, కాళ్లు గట్టిగా పట్టుకోండి" అన్నాడు, సార్‌కు తోడుగా పెళ్లికి వచ్చిన సీతారామాంజనేయులు. ఎవరో నీళ్లు చల్లారు. బసవేశ్వరరావు, "నావల్లే, అంతా నావల్లే" అని ఏడుస్తూ ఆయన్ను కారులోకి మోశాడు. ఆ రోజు అతను తడబడకుండా మోసింది అదొక్కటే. చందన మెడలో తాళి పడేసరికి మేనమామ ఊళ్లోని నర్సింగ్ హోములో మంచం మీద, చేతికి సూదితో, పైకప్పు చూస్తూ ఉన్నాడు.

మధ్యాహ్నం మూడింటికి రాధారాణి పట్టుచీరతోనే, తలలో అక్షింతలు రాలుతుండగా, గుంటూరు పరీక్షల కవరు చంకలో పెట్టుకుని పరిగెత్తుకొచ్చింది. డాక్టరు రిపోర్టులు తిరగేస్తున్నాడు.

"ఒకటి నాది తీయండి డాక్టరుగారూ. ఇవాళే తీయండి" అంది.

"ఏం తీయాలమ్మా? యాభై ఏళ్ల మనిషికి ఇంత మంచి రిపోర్టు నేనీ మధ్య చూళ్లేదు. రెండు కిడ్నీలూ బ్రహ్మాండంగా ఉన్నాయి."

"మరి డయాలిసిస్?"

"ఎవరికి?"

రాధారాణి తమ్ముడి వైపు తిరిగింది.

"డాక్టరు ఇప్పుడే అవసరం లేదన్నాడన్నావు. ఏ డాక్టరు?"

"డాక్టరు కాదక్కా. వీరాస్వామి గారని… బాక్సింగు నేర్పుతాడు. చందన గంప ఎత్తాలని, నువ్వు చూస్తావని, ఒళ్లు తగ్గించుకుందామని…"

రాధారాణి కవరు తెరిచి తన రిపోర్టును ఒకసారి చూసుకుంది. మళ్లీ లోపల పెట్టింది.

"నేను కిడ్నీ ఇస్తానంటే, కూర్చుని విన్నావు" అంది.

కవరు చంకలో పెట్టుకుని ఆమె అప్పగింతల వేళకు మండపానికి వెళ్లిపోయింది. రెండు కిడ్నీలూ చక్కగా పనిచేస్తున్న తమ్ముడితో ఆమె ఆ తర్వాత మాట్లాడలేదు.